నాన్న కడుపునొప్పి

ట్రాఫిక్ కాలనీ,
ఖరగ్‌పూర్,
11 జూలై 1988.

ప్రియమైన సరోజమ్మక్కకు,

ప్రభువు పేరిట నీ తమ్ముడు తిమోతి చేతులు జోడించి రాసేది. ఇక్కడ నేను, ఆలిస్, పాప ఎమిలీ, మా మామగారు ఆమోసు గారు దేవుని దయవల్ల క్షేమం. క్షేమమని రాయడం అలవాటు కాబట్టి రాశాను గానీ, నా మటుకు నాకు క్షేమం లేదు. ఆ సంగతే రాయబోతున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. మామూలుగానే సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక ఆలిస్ పైకి చదివింది. మామగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి కదా, ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరమూ ఆయన చెవిన పడాల్సిందే. మీ హాస్టలు వంటావిడ పప్పులో రెండుసార్లు ఉప్పేసిన సంగతికి ఆయన పకపకా నవ్వారు. బొబ్బిలిలో వానలు లేవని రాశావు. ఇక్కడ మాత్రం ఆగకుండా కురుస్తోంది. నేను రాసేది కూడా ఆలిస్ చదివి, కింద తనదొక మాట చేర్చాకే కవరు అంటిస్తుంది. కాబట్టి ఇందులో ఉన్నది ఇంట్లో అందరికీ తెలిసిందే.

సంగతేమిటంటే నా కడుపు. నవ్వకు. పోయిన వేసవిలో నీ దగ్గరకొచ్చినప్పుడు బాగానే ఉన్నాను, నువ్వు పెట్టిన పనసపొట్టు కూర ఆబగా తిన్నాను కూడా. ఇక్కడికొచ్చి డ్యూటీ ఎక్కగానే మొదలైంది. ఎడమవైపు, బొడ్డు కింద, తడిబట్ట పిండినట్టు మెలిపెడుతుంది. పరుగెత్తాలి. వెళ్లొస్తే కాస్త నిమ్మళం. ఇంకా కడుపు ఖాళీ కాలేదేమో అనిపించి మళ్లీ పరుగు. తరువాత నాలుగు రోజులు ఏమీ రాదు, పొట్ట తప్పెటలాగా బిగుసుకుంటుంది. ఇంట్లోనైతే ఏదో పడతాను. గూడ్సు బండి చివర గార్డు కూర్చునే మా బ్రేకు వ్యాను నువ్వు చూశావు కదా. ఒక బల్ల, ఒక చేతి బ్రేకు చక్రం, నా పెట్టె, జెండాలు, దీపం. అంతే. మరుగుదొడ్డి లేదు. టాటానగర్ వైపు వెళ్తుంటే పాసింజర్ల కోసం మమ్మల్ని ఏదో చిన్న స్టేషన్లో పక్క లైన్లో పడేస్తారు, పూటంతా పడేస్తారు. ఎప్పుడు వదులుతారో స్టేషను మాస్టరుకే తెలియదు. ఆ కూర్చోవడంలోనే నాకు సగం ప్రాణం పోతోంది. నొప్పి రాకముందే, వస్తుందేమో అని చెమటలు పడతాయి. చెమటలు పట్టగానే నొప్పి వచ్చేస్తుంది.

అందుకని డ్యూటీ ఉన్నరోజు తినడం మానేశాను. ఆలిస్ టిఫిన్ క్యారియరు కడుతుంది, నేను దాన్ని అలాగే తిరిగి తెస్తాను. ఇంటికొచ్చాక రెండు పూటలదీ ఒకేసారి తింటాను. ఈ ఇంట్లో నలుగురికి వండుతున్నాననుకున్నాను గానీ మీ కడుపుతో కలిపి ఐదుగురమండీ, ఆ ఐదో మనిషిని మెప్పించడం నా వల్ల కావడం లేదండీ అంటుంది ఆలిస్.

మన రైల్వే ఆస్పత్రికి వెళ్లాను. కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది, బెంగాలీ పిల్ల. రక్తం, విరేచనం పరీక్ష చేయించింది, సున్నంలాంటి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయించింది. అన్నీ చూసి, కిచ్ఛు నేయ్ దాదా, ఏమీ లేదు అంది. పేగులు బాగానే ఉన్నాయట, వాటికి కోపం మాత్రం ఎక్కువట. ఇరిటబుల్ బవెల్ అంటారట. ఏమీ లేకపోతే నొప్పెందుకు అన్నాను. నొప్పి నిజమే, దానివల్ల ప్రాణాపాయం లేదు అంది. ఆ మాట నాకు ఎక్కడో సరిపడలేదు. ఇంతలో ఆవిడే మామూలుగా అడిగినట్టు, ఇంట్లో ఎవరికైనా కేన్సరు వచ్చిందా అని అడిగింది. మా నాన్నకి, కడుపులో అన్నాను. ఆవిడ రాస్తున్న కలం ఆగిపోయింది. ఒక్క క్షణమే ఆగింది గానీ, ఆ ఆగడం నేను చూశాను అక్కా. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

నిన్ను అడిగేది ఒక్కటే. నాన్నకు ఎలా మొదలైంది? ఎడమవైపా, కుడివైపా? అన్నం సహించేదా? ఇలాగే పరుగెత్తేవాడా? అమ్మ అప్పటికే లేదు. నన్ను పలాసలో అత్త ఇంటికి పంపేశారు, తిరిగి తీసుకొచ్చేసరికి ఆయన పెట్టెలో ఉన్నాడు. నాకు గుర్తున్నదల్లా ఉబ్బిపోయిన పొట్ట, పసుపెక్కిన కళ్లు. దగ్గరున్నది నువ్వొక్కదానివే. ఏదీ దాచకుండా రాయి.

నీ తమ్ముడు,
తిమోతి

వదినగారికి వందనాలు. ఈయన పొద్దున లేవగానే అద్దంలో నాలుక చూసుకోవడం, కనురెప్ప లాగి చూసుకోవడం. భయం తగ్గేలాగా నాలుగు ముక్కలు రాయండి. – ఆలిస్


ట్రాఫిక్ కాలనీ,
ఖరగ్‌పూర్,
4 సెప్టెంబరు 1988.

ప్రియమైన అక్కకు,

మన రక్షకుని కాపుదలలో నువ్వూ నీ హాస్టలు పిల్లలూ చల్లగా ఉండాలని కోరుతూ తమ్ముడు తిమోతి రాసేది.

నీ ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు. కొత్త వార్డెను గది, మామిడి తాండ్ర, పాస్టరు గారి అమ్మాయి పెళ్లి, జీలకర్ర నీళ్లు తాగమని సలహా. అన్నీ ఉన్నాయి, నేనడిగింది తప్ప. ఆలిస్ చదవడం అయిపోయాక వెనక పేజీ కూడా తిప్పి చూశాను. నీకు బాధగా ఉంటుందని తెలుసు. అయినా అడుగుతున్నాను, ఇది సరదా ప్రశ్న కాదు.

పోయిన నెలలో జరిగిన అవమానం రాస్తాను, అప్పుడైనా నీకు తెలుస్తుంది. ఝార్‌గ్రామ్ దాటాక ఒక స్టేషన్లో మా బండిని పక్క లైన్లో పెట్టారు. మధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. కడుపు మెలిపెట్టడం మొదలైంది. కాసేపు బల్ల పట్టుకు కూర్చున్నాను, బైబిలు వచనాలు చెప్పుకున్నాను, ఏదీ పనిచేయలేదు. ఇక ఆగలేక చెంబు పట్టుకుని దిగి, గట్టు దాటి పొలంలోకి పరుగెత్తాను. సరిగ్గా అప్పుడే సిగ్నలు పడింది. డ్రైవరు సింహాచలం కూత వేశాడు. గార్డు పచ్చజెండా చూపిస్తేగానీ బండి కదలదు. గార్డు తుప్పల్లో ఉన్నాడు. మళ్లీ కూత, మళ్లీ కూత. వెనక ఎక్స్‌ప్రెస్సు ఒకటి మా మూలాన ఆగిపోయింది. స్టేషను మాస్టరు ప్లాట్‌ఫారం చివరికొచ్చి అరుస్తున్నాడు. నేను పంచె ఎగ్గట్టినట్టు పేంటు పట్టుకుని పరుగెత్తుకు రావడం ఆ ఊళ్లో వాళ్లంతా చూశారు.

సింహాచలం మంచివాడు. కంట్రోలు ఆఫీసుకు ఏదో బ్రేకు గొట్టం ఊడిందని చెప్పి నెట్టుకొచ్చాడు. మా గార్డు బాబు పంట సూడ్డానికి ఎల్లినారు, కందులు బాగా కాసినాయట అని, గార్డులూ డ్రైవర్లూ సంతకాలు పెట్టే లాబీలో అందరినీ నవ్వించాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, నవ్వకుండా, ఏటి బాబూ ఇలగైపోతన్నారు, మంచి డాక్టరుకి సూపించుకోండి అన్నాడు. ఆ మాటకు కళ్లనీళ్లు వచ్చాయి. ఎగతాళి చేసినా తట్టుకోగలను గానీ, జాలిపడితే తట్టుకోలేను.

సరే, ఆ మంచి డాక్టరు కోసం తిరిగాను. సుభాష్‌పల్లిలో హోమియోపతి డాక్టరు తీపి గోలీలిచ్చాడు. పక్కింటి బెంగాలీ దాదా ఒక కవిరాజు, అదే ఇక్కడి ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఈ బెంగాలీ వాళ్లకు కడుపు గురించి మాట్లాడడానికి సిగ్గు లేదు అక్కా, పొద్దున అరుగు మీద పేపరు చదువుతూ, ఏం దాదా ఇవాళ సాఫ్ అయిందా అని అడుగుతాడు. వాళ్లావిడ కూడా అడుగుతుంది. మనవాళ్లలో ఇలాంటిది ప్రార్థన కోరికల్లో కూడా పేరు పెట్టి చెప్పలేం. పాస్టరు గారు నాకోసం ప్రార్థించేటప్పుడు, మన సహోదరుని శరీరంలోని ఇబ్బంది అంటారు. అందరికీ ఇంకా భయంకరమైనదేదో తోస్తుంది.

నేను మాత్రం ఊరుకోలేకపోతున్నాను. ప్లాట్‌ఫారం మీద బరువు చూసే యంత్రం ఉంది కదా, డ్యూటీ దిగగానే దాని మీదెక్కుతాను. తగ్గితే కేన్సరు, పెరిగితే నీరు. అది ఇచ్చే అట్టముక్క వెనక నువ్వు ఉదార స్వభావుడివి, త్వరలో ప్రయాణం అని అచ్చు వేసి ఉంటుంది, ఆ ప్రయాణం ఎక్కడికా అని ఆలోచిస్తాను. వేళ్లతో కడుపు నొక్కి నొక్కి చూసుకుంటాను. నొక్కినచోట నొప్పి పుడుతుంది, అది నొక్కినందుకు వచ్చిన నొప్పో, లోపలిదో తెలియదు. ఎమిలీ వచ్చి నా పొట్ట మీద చెవి పెట్టి, నాన్నా లోపల మాటలు వినబడుతున్నాయి అంటుంది. నవ్వాలని ఉంటుంది, నవ్వు రాదు.

ఆగస్టులో నాన్న పోయినరోజు జ్ఞాపక ప్రార్థన మన ఇంట్లోనే పెట్టాం. మామగారు ఏటేటా చెప్పే సాక్ష్యమే మళ్లీ చెప్పారు. లూకా గారు వర్క్‌షాపులో కొలిమి దగ్గర నిలబడి పనిచేసిన మనిషి, కడుపులో కేన్సరు పెట్టుకుని కూడా దేవుణ్ణి ఒక్క మాట అనలేదు, సంఘానికి ఆయనే మాదిరి అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఈసారి మాత్రం ప్రతి మాటా నా కడుపులోనే పడింది. లేచి బయటికి వెళ్లిపోయాను. నాన్నను తలుచుకుని ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. నాకోసమే ఏడ్చాను.

చివరికి కలకత్తాలో ఒక పేరున్న సర్జను దగ్గరికి వెళ్లాను. ఆయన నర్సింగ్ హోము, ఆయన బల్ల, అన్నీ మెరిసిపోతున్నాయి. ఎక్స్‌రేల్లో ఏమీ కనబడలేదన్నాడు. నీ వయసుకు, ఈ లక్షణాలకు మామూలుగా ఎవర్నీ కోయను, కానీ మీ తండ్రి అదే రోగంతో చిన్న వయసులో పోయాడంటున్నావు, అది వంశంలో వచ్చేరకం కావచ్చు, తెరిచి చూస్తే అనుమానం తీరిపోతుంది అన్నాడు. అనుమానం తీరిపోతుందన్న మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. పొట్ట మధ్యలో నిలువుగా కోసి, పేగులన్నీ చేత్తో తడిమి చూసి, ఏమీ లేకపోతే మళ్లీ కుట్టేస్తారట. దీపావళి వెళ్లాక సోమవారం రమ్మన్నాడు. రైల్వే డాక్టరమ్మకు చెబితే, నా మాట వినకుండా కోయించుకుంటే నేనేం చేయను, మత్తు మందూ ప్రమాదమే, కోతా ప్రమాదమే అని కోప్పడింది. ఆవిడకేం తెలుసు, ఆవిడ తండ్రి బతికే ఉన్నాడు.

నాన్న రోగం ఎలా మొదలైందో రాయించుకు రమ్మన్నాడు సర్జను. కాబట్టి ఇప్పుడైనా రాయి అక్కా.

నీ తమ్ముడు,
తిమోతి

వదినగారూ, నాకు ఈ ఆపరేషను ఇష్టం లేదు. మీ మాటంటే ఈయనకు గురి. మీరు చెప్పండి. – ఆలిస్


ట్రాఫిక్ కాలనీ,
ఖరగ్‌పూర్,
18 అక్టోబరు 1988.

అక్కకు తిమోతి వందనాలు.

నీ కార్డు చేరింది. కార్డు! నేను ప్రాణం గురించి రాస్తే నువ్వు కార్డు ముక్క రాశావు. కోయించుకోకు తమ్ముడూ, ఎందుకని అడగకు, నా మాట మీద నమ్మకముంచు. ఇంతే. ఆలిస్ రెండోసారి చదవమంటే కూడా చదివింది, రెండోసారి చదివితే ఎక్కువ కాలేదు. సరోజమ్మకు విశ్వాసం ఎక్కువ, ధైర్యం తక్కువ అన్నారు మామగారు. నీ మీద ఈగ వాలనివ్వని వాణ్ణి, ఆ రోజు ఆయన మాటకు బదులు చెప్పలేదు.

ఎందుకు అడగకూడదు? నన్ను పెంచింది నువ్వు. నాన్న పోయాక పెళ్లి ఊసే తలపెట్టకుండా, మిషను హాస్టల్లో గిన్నెలు తోమి మరీ నన్ను చదివించావు. నా గొంతు నొప్పికి కూడా ఊరంతా తిరిగిన మనిషివి. ఇవాళ నేను బతుకుతానా చస్తానా అని అడుగుతుంటే నోరు మెదపవు. నాన్న ఎంత యాతనపడి పోయాడో చెబితే నేను భయపడతానని దాస్తున్నావని నాకు తెలుస్తూనే ఉంది. అంత భయంకరమైనదన్నమాట. నువ్వు చెప్పకపోవడమే నాకు జవాబు. అందుకే కోయించుకోవాలని గట్టిగా అనుకున్నాను.

బయట దుర్గా పూజల డప్పులు మోగుతున్నాయి. పందిళ్లు చూద్దామని ఎమిలీ పేచీ పెడుతోంది. గోల్ బజారు దాకా తీసుకెళ్లి, దారిలో నాకు ఎక్కడ ఇబ్బంది వస్తుందో, ఏ ఇంటి తలుపు కొట్టాలో అని లెక్కలు వేసుకుని, సగం దూరం నుంచే వెనక్కి తీసుకొచ్చేశాను. పిల్ల ఏడుస్తూ పడుకుంది. ఈ మధ్య ఆలిస్ నన్ను దెప్పడం మానేసింది, అదొకటి నాకు భయం.

నాకేదైనా అయితే ఆలిస్‌నూ పిల్లనూ నువ్వు చూసుకోవాలి. మామగారు పెద్దవారు. ఇంతకంటే రాయలేను.

తిమోతి

వదినగారూ, కోపంలో రాశారు, మనసులో పెట్టుకోకండి. – ఆలిస్


ట్రాఫిక్ కాలనీ,
ఖరగ్‌పూర్,
27 నవంబరు 1988.

ప్రియమైన సరోజమ్మక్కకు,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండుగాక అని తమ్ముడు తిమోతి నిండు మనసుతో రాసేది.

ముందుగా మంచి కబురు. నేను కోయించుకోలేదు. నీ తమ్ముడి పొట్ట దేవుడిచ్చినది ఇచ్చినట్టే ఉంది. ఎందుకు మానుకున్నావంటే, ఏముంది, పిరికితనం. సోమవారం పొద్దున సంచీ సర్దుకున్నాను, లోకల్ ఎక్కడానికి స్టేషనుకు వెళ్లాను. బండి వచ్చింది, నిలబడింది, వెళ్లిపోయింది. నేను బల్ల మీద కూర్చునే ఉన్నాను. కత్తి గుర్తొచ్చి కాళ్లు రాలేదు. ఇంటికొచ్చేస్తే ఆలిస్ సంచీ చేతిలోంచి లాక్కుని, ఏడుస్తూనే నవ్వింది. అంత పెద్ద గూడ్సు బండిని ఆపే మనిషికి లోకల్ ఎక్కడానికి ధైర్యం లేకపోయిందా అన్నారు మామగారు. నవ్వుకోనీ.

రైల్వే ఆస్పత్రికి మళ్లీ వెళ్లి ఆ డాక్టరమ్మకు నమస్కారం పెట్టాను. ఈసారి ఆవిడ నా ఎక్స్‌రేలు పక్కన పెట్టి, నేను చేసే పనేమిటో, ఎప్పుడు తింటానో అడిగింది. బ్రేకు వ్యాను సంగతి, పస్తుల సంగతి, దిగాక రెండు పూటలదీ తినే సంగతి చెప్పాను. డ్యూటీకి ముందు విరేచనం కట్టే మాత్ర, దిగాక సాఫీ కావడానికి ఇసబ్‌గోలు వేసుకుంటానని కూడా చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఏ మనిషి పేగులైనా తిరగబడవా దాదా అంది. వేళకు కొద్దికొద్దిగా తినమంది, చారులో అన్నం, పలుచటి మజ్జిగ. నాలుక చూసుకోవడం మానమంది. అది మాత్రం కష్టం. అద్దం ముందు నిలబడితే నోరు దానంతటదే తెరుచుకుంటోంది.

నొప్పి పోయిందనుకునేవు. పోలేదు. పోయిన వారం కూడా ఒకసారి దిగి పొలంలోకి వెళ్లాల్సి వచ్చింది. ఈసారి ముందుగానే సింహాచలానికి చెప్పి వెళ్లాను. ఎల్లండి బాబూ, కూత ఎయ్యను, నిమ్మళంగా రండి అన్నాడు. ఆ నిమ్మళంగా రండి అన్న మాటకేనేమో, తొందరగానే అయిపోయింది. ఎమిలీకి బడిలో పాటల పోటీలో బహుమతి వచ్చింది. నీ ఆరోగ్యం రాయి. పోయిన ఉత్తరంలో కసిరినందుకు ఏమీ అనుకోకు.

ప్రేమతో,
నీ తమ్ముడు,
తిమోతి

వదినగారికి వందనాలు. ఈయన కత్తికి భయపడి పారిపోయి రావడమే నాకు మేలైంది. వారం రోజులుగా టిఫిన్ క్యారియరు ఖాళీగా తిరిగొస్తోంది. ఈసారి ఎండల్లో మీరే ఇక్కడికి రండి. – ఆలిస్


తా.క.

అక్కా, స్టేషన్లో ఆర్.ఎం.ఎస్. తపాలా ఆఫీసు బయట నిలబడి రాస్తున్నాను. ఆలిస్ అంటించిన కవరును విప్పాను. మద్రాసు మెయిలు వచ్చేదాకా టైముంది. ఇది ఆలిస్ చూడలేదు, మామగారు వినరు.

కత్తికి భయపడ్డాననేది అబద్ధం. సోమవారం నేను స్టేషనుకే వెళ్లలేదు, సంచీతో ఊరంతా తిరిగి ఇంటికొచ్చేశాను. ముందటి శుక్రవారం ఎలీసమ్మ వచ్చింది. నాన్న ఉన్నప్పుడు మన పక్క క్వార్టర్సులో ఉండేది, ఆయన శవానికి నీళ్లుపోసిన ఎలీసమ్మ. ఆలిస్ మామగారిని తీసుకుని చర్చికి వెళ్లిన సమయం చూసుకుని మరీ వచ్చింది. ముసలిదైపోయింది, కర్ర పట్టుకుని గుమ్మంలోనే తిట్లు మొదలెట్టింది. ఒరే తిమోతీ, పొట్ట కోయించుకుంతావట, నీకేటి మతిపోనాదా, మీ బాబుకి కేన్సరేటి నీ మొకం, పట్టాల అవతల సారా తాగి తాగి కారిజం కుళ్లిపోయి సచ్చిపోనాడు, నీల్లు పోసినదాన్ని నాకు తెల్దేటి అంది. మీ అక్క బొబ్బిలోల్ల చేత కబురెట్టింది, పిన్నీ ఆ ముక్క నువ్వు సెప్పు, నాను కాయితం మీద ఎట్టలేను అందట, అంది.

తరువాత మిగతాది కూడా చెప్పింది. ఆ రోజుల్లో మన సంఘంలో తాగి చచ్చినవాడికి కీర్తన పాడేవారు కాదట. పాస్టరు గారు గుంట దగ్గరకు వచ్చేవారు కాదట. అమ్మ పక్కన కాకుండా గోడ వారగా పూడ్చేవారట. శవం లేవకముందు పెద్దలు మన వరండాలోకి వచ్చి, లూకా దేనితో పోయాడని అడిగారట. అడిగినవాడు ఆమోసు గారు. పంతొమ్మిదేళ్ల దానివి, బైబిలు మీద చెయ్యేసి కేన్సరు అన్నావట. ఆ ఒక్క మాటతో నాన్నకు పాస్టరు వచ్చాడు, పెట్టె వచ్చింది, అమ్మ పక్కన చోటు వచ్చింది. నేను ఆ గుంట దగ్గర నిలబడి పాడాను. నువ్వు పాడలేదు. అప్పుడు ఏడుపు వల్ల అనుకున్నాను.

నీకు నేనేం చేశానో చూడు. ఆ ఆమోసు గారి కూతుర్నే చేసుకున్నాను. ఆయన్నే ఇంట్లో పెట్టుకున్నాను. ఆయన చెవిలో చదివే ఉత్తరాల్లోనే, నాన్న ఎలా పోయాడో దాచకుండా రాయి అని మళ్లీ మళ్లీ అడిగాను. నువ్వేం రాస్తావు? జీలకర్ర నీళ్లు తప్ప రాయడానికేముంది?

ముందు నవ్వు వచ్చింది. తరువాత నీ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నాన్న మీద వచ్చింది. నాన్నను మాదిరి అని ఏటేటా ఆమేన్ అనిపించిన మామగారి మీద వచ్చింది. సారా సంగతి ఆయనకు నిజంగానే తెలియదా, లేక ఆ రోజు నీ మొహం చూసి నమ్మినట్టు నటించాడా? అది ఎలీసమ్మకు కూడా తెలియదు. నేను అడగను. ఇప్పుడు ఎవరి మీదా కోపం లేదు. డాక్టరమ్మ దగ్గర మాత్రం, మా నాన్నకు కేన్సరు కాదు అని చెప్పాను. ఆవిడ ఎందుకని అడగకుండా ఆ మాట కొట్టేసింది.

ఇంకో మాట చెబితే నువ్వు తిడతావు. నాన్నది కాలేయం అని తెలిసినప్పటి నుంచి మూడు రోజులు నాకు కుడివైపు నొప్పి వచ్చింది. జన్మలో చుక్క ముట్టని వాణ్ణి! నా బుద్ధి ఇంతే, ఇది అంత తేలిగ్గా వదిలేది కాదు. ఎడమవైపుది ఇప్పటికీ వస్తూనే ఉంది. కానీ వచ్చినప్పుడల్లా నాన్న అలాగే పోయాడన్న మాట దాని వెంట రావడం లేదు. నొప్పి ఒక్కటే వస్తోంది. ఒక్క నొప్పిని ఎలాగో ఓర్చుకోగలను.

ఇంట్లో చెప్పను. ఆలిస్ దగ్గర దాయడం ఇదే మొదటిసారి, అది నాకు బరువుగానే ఉంది. నువ్వు మాత్రం జవాబు ఇంటికి రాయకు. గార్డుల లాబీ, ఖరగ్‌పూర్ అని, సింహాచలం పేరు మీద రాయి, నాకు ఇస్తాడు. ఎలా పోయాడో రాయొద్దు, ఆ అడగడం అయిపోయింది. ఆయన ఏం తినేవాడు, ఎవరితో నవ్వేవాడు, తాగనిరోజు ఇంటికొచ్చి ఏం చేసేవాడు, నన్ను ఎప్పుడైనా ఎత్తుకున్నాడా, అది రాయి. ఇన్నేళ్లూ నాన్న గురించి నాకు తెలిసింది ఆయన చావు ఒక్కటే అక్కా, అదీ తప్పు.